జీవితబీమా: వ్రాసిన మాట, చెల్లవలసిన మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఆ విషయములను నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను మాత్రము ఇంటింటను ఉండియు ఎవ్వరును చదువని ఒక చిన్న పుస్తకమును గూర్చి చెప్పదలచితిని. అది ఇనుపపెట్టె అడుగున, పెండ్లిచీరె మడతల నడుమ భద్రముగా ఉండును. ఇంటి యజమాని బ్రతికియున్నంతకాలము దానిని ఎవరును తెరువరు. ఆయన పోయిన పదునైదవ దినమున తెరతురు. దానిపేరు జీవితబీమా పాలసీ.

ఈ విషయమును ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. అది నేను చేసిన తప్పు. దానిని ముందుగా మీ యెదుట ఒప్పుకొని, తరువాత విషయమునకు వత్తును.

2018వ సంవత్సరమున సంక్రాంతి వెళ్ళిన వారమునందు మా వీధి ఇల్లాలు ఒకామె మా ఇంటికి వచ్చినది. ఆమె భర్త ఉక్కు కర్మాగారమున కాంట్రాక్టరు క్రింద పనిచేయుచుండెను. అంతకు ఏడు నెలలకు పూర్వము జాతీయ రహదారిపై లారీ తగిలి మరణించెను. 2015 చివర ఆయన ఒక బీమా కంపెనీవద్ద పాలసీ తీసికొని, ప్రీమియము తప్పక కట్టుచు వచ్చెను. ఆ కంపెనీనుండి ఇంగ్లీషున ఒక ఉత్తరము వచ్చినది. "మేష్టారూ, ఇందులో ఏమున్నదో కాస్త చదివి చెప్పండి" అని ఆమె దానిని నా చేతికిచ్చినది. చదివితిని. మధుమేహము లేదని ఫారమునందు వ్రాసినారనియు, అంతకు ముందునుండియే ఆయన మందులు వాడుచున్నట్లు విచారణలో తేలినదనియు, కావున క్లెయిమును తిరస్కరించుచున్నామనియు అందున్నది. నేను దానిని తెలుగున చెప్పి, "ఉన్న జబ్బు వ్రాయలేదమ్మా, ఇంక చేయగలిగినది ఏమియు లేదు" అంటిని. ఆమె ఉత్తరమును మడిచి చెంగున ముడివేసికొని వెళ్ళిపోయినది.

మూడేండ్ల తరువాత, 2021లో, వేరొక మిత్రుని పనిమీద బీమా చట్టమును చదువవలసివచ్చినది. చదివినకొలది నాకు నిద్ర పట్టలేదు. లారీ తగిలి మరణించినవాని మధుమేహమునకును, ఆ మరణమునకును సంబంధమేమని అడుగవచ్చును. ఆ జబ్బు తెలిసియుండినచో పాలసీ ఇచ్చియుండెడివారము కామని కంపెనీయే చూపవలెనని అడుగవచ్చును. అది మోసము కాదు, పొరపాటని తేలినచో కట్టిన ప్రీమియమైనను తిరిగి ఇమ్మనవచ్చును. ఆమె ఇంటికి పరుగెత్తితిని. అప్పటికి ఫిర్యాదుకు గల రెండు సంవత్సరముల గడువు దాటి ఏడాది గడచినది. జాప్యమును మన్నింపుమని కోరుదమన్నను పెట్టెలోని కాగితములను చెదలు తినివేసినవి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

ఆమె గెలిచియుండెడిదని నేను చెప్పజాలను. కాని అడుగుటకు ఆమెకు గల హక్కు నా నోటిమాటతో పోయినది. ఆనాడు నాకు ఇంగ్లీషు వచ్చును, చట్టము రాదు. రాదని చెప్పుటకు మారుగా తీర్పు చెప్పితిని. ఈ ఉపన్యాసము ఆ అప్పు తీర్చుకొను ప్రయత్నము.

సోదరులారా! మన ప్రాంతమునకు బీమాతో గల సంబంధము గట్టిది. 1933లో విశాఖపట్టణపు రేవు ఓడలకు తెరువబడినది. 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు పునాది పడి, 1948లో జలఉష అను ఓడ నీటిలోనికి దిగినది. 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992లో శ్రీ పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితమొనర్చిరి. ఈ కర్మాగారములు మన బిడ్డలకు కూడు పెట్టినవి. అవి ప్రాణములను తీసికొన్న దినములును కలవు. 2020 ఆగస్టు 1వ తేదీన నౌకానిర్మాణ కేంద్రమున క్రేను కూలి 11 మంది మరణించుట మనమెవ్వరము మరువలేదు. ఇనుముతోను, నిప్పుతోను, సముద్రముతోను పనిచేయువాని ఇంట బీమా విలాసము కాదు.

బీమా అనునది మొదట ఓడల వ్యాపారమునుండియే పెరిగినది. మన దేశమున 1818లో కలకత్తాలో ఓరియంటల్ కంపెనీ జీవితబీమా వ్యాపారమును ప్రారంభించెను. మన తెలుగుదేశమున డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని మచిలీపట్టణమున నెలకొల్పిరి. 1938లో బీమా చట్టము వచ్చెను. 1956లో ప్రభుత్వము 245 కంపెనీలను, సంఘములను స్వాధీనపరచుకొని, ఆ యేడు సెప్టెంబరు 1న జీవితబీమా సంస్థను స్థాపించెను. 1999 నాటి చట్టము పిదప, 2000 నుండి ప్రైవేటు కంపెనీలు మరల ఈ రంగమున ప్రవేశించినవి.

ఇక బీమా ఒప్పందముయొక్క స్వభావమును చూతము. మనము బజారున వస్తువును కొనునపుడు మంచిచెడ్డలు చూచుకొనుట కొనువాని బాధ్యత. బీమా అట్లు కాదు. నా దేహస్థితి నాకు తెలిసినంతగా కంపెనీకి తెలియదు. కావున తెలిసినదంతయు దాచక చెప్పుట నా విధి. దీనిని పరమ విశ్వాస ధర్మమందురు. 1766లో ఇంగ్లండున మాన్స్‌ఫీల్డు ప్రభువు ఒక వ్యాజ్యమున ఈ ధర్మమును స్పష్టముగా నిరూపించెను. సుమత్రా ద్వీపమునందలి ఒక కోట శత్రువులపాలగునేమోయని దాని గవర్నరు బీమా చేయించెను. 1760లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి. కోట బలహీనతను దాచినాడని బీమాదారు వాదించెను. తీర్పు గవర్నరు పక్షమునకే వచ్చినది. దాచరాదను ధర్మము ఇరుపక్షములకును వర్తించుననియు, బీమాదారు తానే తెలిసికొనదగిన విషయములను తరువాత సాకుగా చూపరాదనియు ఆ తీర్పు సారాంశము. బీమా వ్యాజ్యములన్నిటను నేటికిని వినవచ్చునవి ఈ రెండు మాటలే.

క్లెయిములు ఎక్కడ చెడుచున్నవో ఇప్పుడు వరుసగా చెప్పెదను. నాకు నాలుగు తావులు కనబడినవి.

మొదటిది, ఒప్పందము పూర్తికాకముందే మరణము సంభవించుట. దీనికి మన కృష్ణాతీరపు వ్యాజ్యమే దేశమంతటికిని ప్రమాణమైనది. 1960 డిసెంబరు 27న వాసిరెడ్డి వంశీయులైన ఒక రాజావారు 50,000 రూపాయల బీమాకు ప్రతిపాదన పత్రముపై సంతకము చేసిరి. వైద్యపరీక్ష జరిగెను. మొదటి ప్రీమియమునకు రెండు చెక్కులిచ్చిరి. రెండవ చెక్కు 1961 జనవరి 11న చెల్లినది. మరునాడు, 12వ తేదీన, ఆయన మరణించిరి. డబ్బు తీసికొన్నారు గదాయని కుటుంబమువారు అడిగిరి. ప్రతిపాదనను తాము ఇంకను అంగీకరింపలేదని మచిలీపట్టణపు డివిజను కార్యాలయము జవాబిచ్చెను. క్రింది కోర్టు దావాను కొట్టివేసెను. హైకోర్టు కుటుంబమువారిని గెలిపించెను. సుప్రీంకోర్టు 1984 మార్చి 27న ఆ తీర్పును త్రిప్పివేసెను. ప్రీమియమును పుచ్చుకొని ఉంచుకొన్నంత మాత్రమున అంగీకారము కాదు, మౌనము అంగీకారము కాదు, అంగీకరించితిమని తెలియజేసినప్పుడే ఒప్పందము పుట్టునని తీర్పు. ఈ వ్యాజ్యము కోమలవల్లీ కాంబ కేసను పేరున న్యాయగ్రంథములకెక్కినది. ఇరువదిమూడేండ్లు వాదించి కుటుంబము వట్టిచేతులతో మిగిలినది.

అయితే న్యాయము అక్కడనే ఆగిపోలేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మన ప్రాంతపు మరియొక వ్యాజ్యమును విచారించెను. గృహఋణముతో కూడ తీసికొన్న బీమా అది. ప్రీమియము పుచ్చుకొని, ప్రతిపాదనను త్రోసిపుచ్చిన సంగతిని సకాలమున తెలుపక, మరణానంతరము పాలసీయే లేదని కంపెనీ పలికెను. పాత సూత్రమును కాదనకయే, కొన్ని పరిస్థితులలో మౌనమును అంగీకారము కావచ్చుననియు, తిరస్కరింపదలచినచో తగిన కాలములోపల చెప్పవలెననియు న్యాయస్థానము పలికినది. డబ్బు కట్టినవారు ఊరకుండక, "నా ప్రతిపాదన ఏమైనది?" అని వ్రాతమూలకముగా అడుగుట మేలు. పాలసీ కాగితము చేతికి వచ్చువరకు బీమా ఉన్నదని ధీమా పడరాదు.

రెండవది, ప్రతిపాదన పత్రమునందలి జవాబులు. వ్యాజ్యములలో పెద్దపాలు ఇక్కడనే పుట్టుచున్నవి. మన ఊరిలో జరుగు విధానము మీకు తెలియనిది కాదు. ఏజెంటు మనవాడే. అరుగుమీద కూర్చుండి, టీ త్రాగుచు, "ఇక్కడ సంతకము పెట్టు మావయ్యా, మిగిలినది నేను వ్రాసికొందును" అనును. మనము పెట్టుదుము. జబ్బులను గూర్చిన ప్రశ్నలన్నిటికిని ఆయన "లేదు" అని గీత గీయును. అది ద్రోహబుద్ధితో చేసినదని అనను; పని త్వరగా కావలెనని చేసినది. కాని ఆ "లేదు" మనదగును.

"ఏజెంటు వ్రాసినాడు, మాకు తెలియదు" అను వాదము కోర్టులలో సాధారణముగా నిలువదు. 2019 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఒక గుజరాతు వ్యాజ్యమున ఈ మాట స్పష్టముగా చెప్పెను. ఆ పాలసీదారు రెండు నెలలకు ముందే వేరొక కంపెనీవద్ద 11 లక్షల రూపాయల పాలసీ తీసికొనియు, ఇతర పాలసీలు లేవని ఫారమున చూపెను. సంతకము చేసినవాడు అందలి విషయములకు బద్ధుడనియు, దాచిన విషయము ముఖ్యమైనదనియు చెప్పి కోర్టు కంపెనీ పక్షమున తీర్పిచ్చెను. 2020 అక్టోబరున మరియొక తీర్పు వచ్చినది. పాలసీ తీసికొనుటకు నెల దినముల ముందే రక్తవాంతులై చికిత్స పొందిన సంగతిని దాచినవాడు, పాలసీ వచ్చిన నెలకే మరణించెను. అక్కడను కంపెనీయే గెలిచినది.

ఇవి విని నిరాశపడవలదు. రెండవ ప్రక్కయు కలదు. ఇదియే ఆనాడు నాకు తెలియనిది.

1938 నాటి బీమా చట్టమున 45వ సెక్షను అని ఒకటి కలదు. ఇరువదియేండ్లు ప్రీమియము పుచ్చుకొని, మనిషి పోయిన తరువాత పాత ఫారమును తవ్వి, చిన్న పొరపాటును పట్టుకొని డబ్బు ఎగవేయు పద్ధతిని అరికట్టుటకు ఏర్పడిన సెక్షను అది. మొదట అందలి గడువు రెండు సంవత్సరములు. రెండేండ్లు దాటిన పిదప పాలసీని రద్దుచేయుటకు కంపెనీ ఏమి రుజువుచేయవలెనో 1962 జనవరి 15న సుప్రీంకోర్టు మిఠూలాల్ నాయక్ కేసున వివరించెను. దాచిన విషయము ముఖ్యమైనది కావలెను, మోసబుద్ధితో దాచియుండవలెను, అది అబద్ధమని చెప్పునాటికే పాలసీదారుకు తెలిసియుండవలెను. ఈ మూడును కలియవలెను. ఆ వ్యాజ్యమున మూడును కలిసినవి, కావున క్లెయిము ఓడినది. కాని ఆ మూడు కొలతలు తరువాతి వేలమందికి రక్షణ యైనవి.

2015లో ఈ సెక్షనును సవరించిరి. నేడు గడువు మూడు సంవత్సరములు. పాలసీ ఇచ్చిన తేదీ, బాధ్యత ప్రారంభమైన తేదీ, ఆగిన పాలసీని పునరుద్ధరించిన తేదీ, అదనపు రక్షణను చేర్చిన తేదీ, వీనిలో ఏది చివరిదో దానినుండి మూడేండ్లు లెక్కింపవలెను. ఆ మూడేండ్లు నిండిన పిమ్మట ఏ కారణము చేతను, మోసమను కారణము చేత కూడ, ఆ పాలసీని ప్రశ్నింపరాదు. మూడేండ్లలోపల ప్రశ్నింపవలెనన్నచో కారణములను, ఆధారములను వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మోసము కాక, ముఖ్యవిషయమును చెప్పలేదను కారణముతో రద్దుచేసినచో, అప్పటివరకు కట్టిన ప్రీమియములను 90 దినములలోపల తిరిగి ఇయ్యవలెను. ఆ విషయము తెలిసియుండినచో పాలసీ ఇచ్చియుండెడివారము కామని చూపు భారము కంపెనీదే. ఒక్క జాగ్రత్త కలదు. మోసమని ఆరోపణ వచ్చినపుడు, పాలసీదారు జీవించియుండనిచో, మోసము కాదని చూపు భారము కుటుంబముపై పడును. కావున మందుల చీటీలు, ఆసుపత్రి కాగితములు పారవేయరాదు.

దాచిన జబ్బుకును మరణమునకును సంబంధము లేనపుడు ఏమగును? 2015 అక్టోబరున సుప్రీంకోర్టు ఒక మరాఠీ కుటుంబపు వ్యాజ్యమున, నడుమునొప్పి జబ్బును చెప్పకపోయినను, మరణము గుండెజబ్బువలన కలిగినందున, తిరస్కరణ చెల్లదని డబ్బిప్పించినది. ఇతర పాలసీలను చెప్పకపోవుట సంగతి యేమి? 2025 ఫిబ్రవరి 25న వచ్చిన తీర్పున, 40 లక్షల పెద్ద పాలసీని చూపి, మొత్తము రెండు లక్షల ముప్పదివేల రూపాయల చిన్న పాలసీలను చూపనివాని విషయము వచ్చినది. ఆయన ప్రమాదమున మరణించెను. చిన్నవానిని చూపనంత మాత్రమున అది ముఖ్యవిషయమును దాచుట కాదని కోర్టు క్లెయిమును చెల్లింపుమనెను. ఇట్లు ఒక్కొక్క వ్యాజ్యము దాని వాస్తవములనుబట్టి తేలును. అందుచేతనే ఉత్తరము చదివిన వెంటనే "ఇంతే" అనుట తప్పు.

మూడవ తావు ప్రీమియము. ఇక్కడ రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారు శ్రద్ధగా వినవలెను. 1987లో ఒక పాలసీదారు ప్రీమియము చెక్కును ఏజెంటు చేతికిచ్చెను. ఏజెంటు దానిని వెంటనే కట్టలేదు. ఆగస్టున పాలసీదారు ప్రమాదమున మరణించెను. డబ్బు మరునాడు ఆఫీసునకు చేరెను. ఏజెంటునకు ప్రీమియము వసూలుచేయు అధికారము లేదు, కావున ఆయన చేతికిచ్చుట సంస్థకు చెల్లించుట కాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. రసీదు ఆఫీసుదై యుండవలెను. స్నేహము స్నేహమే, రసీదు రసీదే.

జీతమునుండి ప్రీమియము కోయు పథకమున ధర్మము వేరు. ఢిల్లీ విద్యుత్సంస్థలో పనిచేయు ఒకాయన జీతమునుండి యజమాని డబ్బు కోసికొనెను గాని, బీమా సంస్థకు సకాలమున పంపలేదు. ఆయన మరణించిన పిదప పాలసీ ల్యాప్సు అయినదనిరి. 1999లో సుప్రీంకోర్టు, ఈ పథకమున యజమానియే బీమా సంస్థకు ఏజెంటు వంటివాడు, ఆయన చేసిన ఆలస్యమునకు కార్మికుని భార్య నష్టపడరాదని బసంతీదేవి కేసున నిర్ణయించెను. 2005లో వేరొక కేసునందు ఇదియే స్థిరపడినది. కావున జీతపు చీటీలను పారవేయకుడు. ప్రతి చీటీయందును బీమా కోత ఉన్నదో లేదో చూచుకొనుడు. కాంట్రాక్టరు మారినపుడు, సెలవుపై జీతము లేనపుడు, కోత ఆగిపోవును. ఆ నెలలలో ప్రీమియము మనమే కట్టవలెను.

బ్యాంకు ఖాతానుండి ఏడాదికొకసారి పోవు ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకును ఇదే నియమము. 2015లో ప్రారంభమైన ఈ పథకమునకు 2022 జూన్ నుండి 436 రూపాయలు కోయుచున్నారు. ఆ దినమున ఖాతాలో అంత డబ్బు లేనిచో రెండు లక్షల రక్షణ ఆగును. వానకాలము మొదట ఖాతాను ఒకసారి చూచుకొనుడు.

నాలుగవది, సముద్రతీరమున నివసించు మనకు ప్రత్యేకమైనది. వేటకు పోయిన పడవ తిరిగిరాదు. ఓడమీద పనిచేయువాడు కనబడకుండ పోవును. శవము లేదు, మరణ ధ్రువపత్రము లేదు. ఏడు సంవత్సరములు ఎవ్వరికిని జాడ తెలియనివానిని మరణించినవానిగా భావింపవచ్చునని సాక్ష్య చట్టము చెప్పును. ఇది పాత చట్టమున 108వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన కొత్త చట్టమున 111వ సెక్షను. కాని ఏ దినమున మరణించెనో ఆ సెక్షను చెప్పదు. 2004లో సుప్రీంకోర్టు అనూరాధ కేసున ఈ మెలికను విప్పినది. కనబడకపోయిన నాడే మరణించెనని ఊహింపరాదు. అట్లని రుజువు లేనిచో ఆ ఏడేండ్లును ప్రీమియము కట్టుచు పాలసీని బ్రతికించుకొనవలెనని తీర్పు. భర్త జాడ తెలియక కుమిలిపోవు ఇల్లాలికి ప్రీమియము గుర్తుండునా? ఉండదు. కావున చుట్టుప్రక్కలవారు గుర్తుచేయవలెను. పోలీసు ఫిర్యాదు వెంటనే వ్రాయించుట, పాలసీని ఆగనీయకుండుట, తోటివారి వాంగ్మూలములను భద్రపరచుట, ఇవి ఇరుగుపొరుగు చేయవలసిన పనులు.

తిరస్కరణ ఉత్తరము వచ్చినపుడు ఏమి చేయవలెనో చెప్పి ముగించెదను.

మొదట ఆ ఉత్తరము వచ్చిన తేదీని కవరుతోసహా భద్రపరచవలెను. గడువులన్నియు దానినిబట్టి నడచును. ప్రతిపాదన పత్రపు నకలును, కంపెనీ ఆధారముగా చెప్పిన కాగితముల నకళ్ళను వ్రాసి అడుగవలెను. తరువాత కంపెనీయొక్క ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెలదినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను, ఏడాదిలోపల బీమా అంబుడ్సుమనుకు ఫిర్యాదు పంపవచ్చును. మన రాష్ట్రమునకు ఆ కార్యాలయము హైదరాబాదున ఉన్నది. 50 లక్షల రూపాయలవరకు గల తగవులను ఆయన విచారించును. రుసుము లేదు, వకీలు అవసరము లేదు. ఆయన తీర్పునకు కంపెనీ కట్టుబడవలెను.

లేదా జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. 1986 నాటి చట్టము స్థానమున 2020 జూలై నుండి 2019 నాటి కొత్త చట్టము అమలునకు వచ్చినది. దాని ప్రకారము ఫిర్యాదుదారు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ బొంబాయిలో ఉన్నను మన విశాఖలోనే వ్యాజ్యము నడచును. చెల్లించిన ప్రీమియము 5 లక్షలకు లోబడినచో రుసుము లేదు. గడువు రెండు సంవత్సరములు. తగిన కారణము చూపినచో జాప్యమును మన్నించు అధికారము కమిషనుకు కలదు. కాని దానిని నమ్ముకొని కూర్చుండరాదు. సివిలు కోర్టు మార్గము సరేసరి. ఒకే తగవును ఒకేసారి అంబుడ్సుమను ఎదుటను, కమిషను ఎదుటను నడుపరాదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

అన్నిటికంటె మేలైన మార్గము తగవు పుట్టకుండ చూచుకొనుట. సంతకమునకు ముందు ఫారమును ఒకరిచేత తెలుగున చదివించుకొని, జబ్బునకు జబ్బనియు, మందుకు మందనియు వ్రాయింపుడు. నిజము వ్రాసినందున ప్రీమియము కొంత పెరుగవచ్చును, లేదా పాలసీ రాకపోవచ్చును. ఆ నష్టము మనము బ్రతికియుండగా మనకు తెలిసి వచ్చునది. అబద్ధము వ్రాసినచో కలుగు నష్టము మనము లేనప్పుడు మన భార్యాబిడ్డలకు వచ్చును. పాలసీ చేతికి వచ్చిన తరువాతను, 2024 నాటి నిబంధనల ప్రకారము, 30 దినములు దానిని పరిశీలించి, నచ్చనిచో త్రిప్పిపంపు హక్కు కలదు. ఆ ముప్పది దినములలో ఒక్క గంట దానిని చదువుటకు వెచ్చింపుడు. తప్పు కనబడినచో దిద్దింపుడు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. రజతోత్సవ జ్ఞాపకముగా బీరువాలు కొనుచున్నారని వింటిని. సంతోషము. వానితోపాటు ఒక బల్లను, రెండు కుర్చీలను వేయుడు. ప్రతి ఆదివారము ఉదయము పదిగంటలకు, ఓపిక ఉన్నన్నాళ్ళు, నేను అక్కడ కూర్చుందును. ఎవరికి ఏ కాగితము వచ్చినను తీసికొని రండు. చదివి చెప్పెదను. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారియొద్దకు పంపెదను. గడువు తేదీని మాత్రము ఆ బల్లమీది పుస్తకమున వ్రాసి ఉంచెదను.

గ్రంథాలయమునకు వచ్చి చదువగలవారికి పుస్తకములు చాలును. చదువలేక చేతిలో ఉత్తరముతో వాకిట నిలుచువారికి ఒక మనిషి కావలెను. ఆనాడు ఆ ఇల్లాలు నావద్దకు వచ్చినది పుస్తకము అడుగుటకు కాదు.